సాల్మియా మామ్మగారి పది వేళ్ళు

డబ్బున్నవాళ్ళకి వైద్య పరిచర్య చెయ్యాలని మా సంఘాన్ని అడిగినప్పుడు ముందుగా పెదవి విరిచింది నేనే. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు నాకేం నామోషీ లేదు, ఎందుకంటే చివరికి ఆ పని నెగ్గించిందీ నేనే. నా నోరు పెద్దదని మా ఆసుపత్రిలో అందరికీ తెలుసు. నా చెయ్యి మంచిదని కూడా తెలుసు. కువైట్‌లో ఇరవై ఏళ్ళకు పైగా నర్సుగా చేశాను. అందులో ఎక్కువకాలం షుగరు పుళ్ళ వార్డులోనే గడిచింది.

అక్కడ శుక్రవారమే మాకు ఆదివారం. చర్చి ఆవరణలో ఒకే హాలును రకరకాల భాషల సంఘాలు వంతుల ప్రకారం వాడుకునేవి. పొద్దున మా తెలుగు ఆరాధన. అది ముగిసి, మేం తబలా సంచిలో పెట్టుకుని బయటికి వస్తుంటే, గుమ్మం దగ్గర చైనా వాళ్ళ సహవాసం తన వంతు కోసం నిలబడి ఉండేది. చైనా వాళ్ళంటే మలేసియా, సింగపూర్, తైవాన్‌ల నుంచి వచ్చిన చైనా జాతివాళ్ళు. వ్యాపారులు, ఇంజనీర్లు, హోటళ్ళ యజమానులు. నలగని బట్టలు, నెమ్మదైన మాటలు. మాలో సగం మంది ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, మిగతా సగం నర్సులు. ఏళ్ళ తరబడి ఒకరికొకరం తలవంచి దారి ఇచ్చుకోవడమే గానీ పలకరింపు లేదు.

మా వైద్య పరిచర్యకి అప్పటికే మంచి పేరు ఉండేది. నెలకోసారి వ్యాను మాట్లాడుకుని వఫ్రా పొలాలకి వెళ్ళేవాళ్ళం. బస్సులు సరిగా తిరగని చోటు అది. గొర్రెలు కాసేవాళ్ళు, పొలం పనివాళ్ళు మా కోసం ఎండలో వరస కట్టేవాళ్ళు. బీపీ, షుగరు చూసి, పుళ్ళు కడిగి కట్టుకట్టి, బిస్కెట్లు పంచి, ప్రార్థన చేసి వచ్చేవాళ్ళం. ఈ పనికి పెద్ద మా అక్క. తోబుట్టువు కాదు, సంఘంలో అందరికీ అక్కే. ప్రసూతి వార్డులో హెడ్ నర్సు. ఆవిడ కళ్ళెర్రజేస్తే పుట్టబోయే బిడ్డ కూడా తొందరపడి వచ్చేస్తుందని మేం నవ్వుకునేవాళ్ళం.

ఒక శుక్రవారం చైనా సహవాసంలోని టీచరమ్మ అక్కని గుమ్మం దగ్గర ఆపింది. మలేసియా ఆవిడ, స్కూల్లో లెక్కలు చెప్పేది. "మా వాళ్ళకి అన్నీ ఉన్నాయి. కానీ ఇంట్లో ముసలమ్మలకి అరబ్బీ రాదు, ఇంగ్లీషు రాదు. పడిపోయాక తప్ప ఎవరూ ఆసుపత్రి గడప తొక్కరు. మీరు ఒకసారి మా వాళ్ళని చూస్తారా?" అని ఇంగ్లీషులో అడిగింది.

అక్క నా వైపు తిరిగింది. "ఏవంటావే?"

"ఉన్నోళ్ళకి మనవెందుకక్కా? ఆళ్ళకి డాక్టర్లు కరువా?"

"ఉన్నోళ్ళ కాలికి పుండు పడదంటావేంటే?" అంది అక్క. అంతే, ఖలాస్. అక్క అన్నాక ఇంక వాదన ఉండదు.

వఫ్రాలో చేసినట్టే చేశాం. అదే మా మొదటి తప్పు. హాల్లో బల్లలు వేశాం, చీటీలు రాశాం, దజీజ్‌లోని టోకు గోదాముకి వెళ్ళి గ్లవ్సులు, దూది పెట్టెలకి పెట్టెలు కొనుక్కొచ్చాం. గోడకి 'ఉచిత వైద్య పరీక్షలు' అని ఇంగ్లీషులోనూ చైనా అక్షరాల్లోనూ కాగితం అతికించాం. ఇద్దరు వచ్చారు. ఒకరు టీచరమ్మ, ఇంకొకరు ఆవిడ భర్త. మిగతావాళ్ళు ఆ కాగితం ముందునుంచే తలవంచుకుని హాల్లోకి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. బిస్కెట్ పొట్లాలన్నీ మళ్ళీ అట్టపెట్టెలో సర్దుతూ, "చెప్పానా, చెప్పానా" అని పదిసార్లు అన్నాను. అక్క వినిపించుకోలేదు.

టీచరమ్మ మాత్రం నొచ్చుకుంటూ వివరం చెప్పింది. ఉచితం అని రాసిన చోట నలుగురిలో నిలబడటం వాళ్ళకి తలవంపులట. ఎవరి దగ్గరైనా ఏమైనా పుచ్చుకుంటే తిరిగి ఏదో ఒకటి పెట్టేదాకా వాళ్ళకి నిద్ర పట్టదట. ఇళ్ళకి పిలుపు వస్తే వెళ్ళాలి, అదే దారి. పిలవని పేరంటానికి ఎవరూ వెళ్ళలేరు కాబట్టి ఆ పిలుపు సంపాదించే పూచీ తనదేనంది.

పిలుపు రెండు వారాల్లో వచ్చింది. సాల్మియాలో పెద్ద రెస్టారెంటు నడిపే ఒకాయన తల్లి. డెబ్భై ఏళ్ళు నిండబోతున్నాయి. షుగరు ఉందని కొడుక్కి తెలుసు, మందులు వేసుకుంటుందో లేదో తెలీదు. ఈ వారం పుట్టినరోజు వేడుక, ఇల్లంతా సంతోషంగా ఉంటుంది, ఇదే మంచి సమయం అంది టీచరమ్మ.

అది నెలలో మొదటి శుక్రవారం. మాకు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఆరాధన. కోస్తా క్రైస్తవుల ఇళ్ళల్లో పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజు తెల్లచీర కట్టకపోతే మాకు ఆరాధనకి వెళ్ళినట్టే ఉండదు. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్లచీరల్లో ఐదుగురం, చేతుల్లో నల్ల బైబిళ్ళు, మందుల పెట్టెతో ఆరాధన నుంచి అలాగే సాల్మియా బస్సెక్కాం. సముద్రం ఎదురుగా మేడ. లిఫ్టు అద్దంలో మమ్మల్ని మేం చూసుకుని ఎంత మురిసిపోయామో. 'దేవదూతల్లా ఉన్నాం' అనేసింది మాలో చిన్నది.

ఇంట్లో గోడల నిండా ఎర్ర కాగితాల అలంకారం. కిటికీ పక్కన సోఫాలో ఎర్ర పట్టు కోటు వేసుకుని పెద్దావిడ కూర్చుని ఉంది. చిన్న మొహం, గట్టి దవడ. మమ్మల్ని చూడగానే ఆ మొహంలో రంగు దిగిపోయింది. అక్క అది గమనించలేదు. "పాటతో మొదలెడదాం" అని నెమ్మదైన రాగం ఎత్తుకుంది. మేం వంతపాడాం. రెండో చరణానికి పెద్దావిడ లేచి నిలబడి అరవడం మొదలుపెట్టింది. మాటలు తెలియకపోయినా తిట్లని తెలియడానికి భాష అక్కర్లేదు. కోడలు కంగారుగా తలుపు తీసి పట్టుకుంది. మేం బయటపడ్డాం.

లిఫ్టు దగ్గర టీచరమ్మ మా వెనక పరిగెత్తుకుంటూ వచ్చింది. ఏడుస్తోందో నవ్వాపుకుంటోందో తెలియలేదు. "తప్పు నాది. ముందే చెప్పాల్సింది. మా వాళ్ళలో తెల్లబట్టలు చావింటి బట్టలు. ఐదుగురు తెల్లబట్టల్లో వచ్చి వరసగా నిలబడి అలా పాడితే... 'నేనింకా పోలేదు, అప్పుడే నన్ను మొయ్యడానికి వచ్చారా' అంటోంది ఆవిడ."

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మా ఊళ్ళో మేం తెల్లచీరలతో ఎదురొస్తే పక్కవీధి ముత్తయిదువలు మొహం తిప్పుకుని, నాలుగడుగులు వెనక్కి వేసి, కాసేపు ఆగి బయల్దేరేవాళ్ళు. ఆ చూపు చిన్నప్పటినుంచీ తిన్నదాన్ని. అన్నీ తెలిసి, పుట్టినరోజు ఇంటికి అలా ఎలా వెళ్ళానా అని నా మీద నాకే కోపం వచ్చింది. బస్సులో అక్క కిటికీలోంచి సముద్రం చూస్తూ కూర్చుంది.

కానీ నేను సిగ్గుతో పాటు ఇంకోటి కూడా ఆ ఇంట్లోంచి మోసుకొచ్చాను. ఆవిడ కోపంగా లోపలికి వెళ్ళిపోతున్నప్పుడు పాలరాతి నేల మీద, కుడికాలు పడిన ప్రతిచోటా, రూపాయి బిళ్ళంత తడి మచ్చ పడింది. మేజోడు కింద పుండు ఉంది. అది కారుతోంది. అయినా ఆవిడ కుంటలేదు. కుంటి ఉంటే నేను అంత భయపడేదాన్ని కాదు. షుగరు ముదిరినవాళ్ళకి పాదాల్లో స్పర్శ పోతుంది. నొప్పి తెలియని పుండు మీద రోజంతా నడుస్తారు. అది ఎముక దాకా తినేశాక మా వార్డుకి వస్తారు.

కువైట్ వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఆపరేషన్ థియేటర్లో చేశాను. తీసేసిన కాలుని గుడ్డలో చుట్టి బయటికి తీసుకెళ్ళే పని కొత్త నర్సులది. మనిషికి అతుక్కుని ఉన్నప్పుడు కాలు బరువు ఎవరికీ తెలియదు. రెండు చేతులతో మోసినవాళ్ళకే తెలుస్తుంది. అప్పుడు పట్టుకుంది నాకో అలవాటు. ఎవరి కట్టు విప్పినా ముందు వేళ్ళు పైకి లెక్కపెడతాను, తెలుగులో, ఒకటి నుంచి పది దాకా. పది అన్నాక గానీ నాకు ఊపిరాడదు.

మరుసటి వారం టీచరమ్మకి ఫోన్ చేసి, మాలో నేనొక్కదాన్నే వస్తాను, మాట చెప్పడానికి మీరు తోడు రండి అన్నాను. ఆవిడ కొడుకుని బతిమాలి ఒప్పించింది. నాకు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పింది. "జబ్బు సంగతి ఎత్తకండి. ఇచ్చేదానిలా కాదు, అడిగేదానిలా వెళ్ళండి."

తమ్ముడి పెళ్ళికి కొన్న ఎర్ర పట్టుచీర పెట్టె అడుగునుంచి తీసి కట్టుకున్నాను. జరీ అంచు, ఇంత వెడల్పు. మా గదికి వచ్చిన అక్క నన్ను చూసి నోరు నొక్కుకుంది.

"పరిచర్యకి ఎర్రచీరేంటే, పెళ్ళివారింటికి ఎల్తున్నట్టు?"

"చావింటికి ఎళ్ళినట్టు ఎళ్ళి చూశాం కదక్కా," అన్నాను. అక్క ఆ రోజు నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఎర్రచీరలో, చేతిలో నారింజపళ్ళతో వచ్చిన నన్ను పెద్దావిడ కిందికీ పైకీ చూసింది. పళ్ళు రెండు చేతులతో ఇచ్చాను, రెండు చేతులతో తీసుకుంది. కూర్చోమంది. ఆవిణ్ణి మా గోదావరి వైపు పిలిచినట్టు మామ్మగారూ అని పిలుస్తానని టీచరమ్మ ద్వారా అడిగితే తల ఊపింది. అప్పుడు చెప్పాను. "పన్నెండేసి గంటలు నిలబడి పనిచేస్తాను మామ్మగారూ. సాయంత్రానికి కాళ్ళు మండిపోతాయి. మీ వాళ్ళు ఏదో చేస్తారటగా, నాకు నేర్పుతారా?"

ఆ ముసలి మొహం ఒక్కసారి వెలిగింది. లేచి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. అక్కడ ఒక చెక్క బాల్చీ. తన ఊరినుంచి విమానంలో తెచ్చుకుందట. రోజూ సాయంత్రం అందులో మరిగిన నీళ్ళు పోసి, దంచిన అల్లం వేసి, పాదాలు పెట్టుకుని కూర్చోవడం వాళ్ళకి తాతల నాటి అలవాటు. కోడలు కెటిల్‌తో నీళ్ళు పోసింది. మామ్మగారు మేజోళ్ళు తీసి, నాకు చూపించడానికి ముందు తన పాదాలు ముంచి హాయిగా కళ్ళు మూసుకుంది. నేను పక్కన వేలు ముంచి, అమ్మో అని వెనక్కి లాక్కున్నాను. చెయ్యి కాలిపోయింది. ఆవిడ పాదాలు ఆ నీళ్ళల్లోనే ఉన్నాయి.

పుండు ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది. ఆవిడ రోజూ తన కాళ్ళు తానే ఉడకబెట్టుకుంటోంది.

ఇంక నటన నా వల్ల కాలేదు. నేల మీద కూర్చుని, ఆవిడ పాదాలు బయటికి తీసి నా పట్టుచీర కొంగుతో అద్దాను. కుడికాలి బొటనవేలి కింద బొబ్బ చిట్లి లోతుగా గుంట పడింది. అంచులు తెల్లబారి ఉన్నాయి. వేళ్ళు లెక్కపెట్టాను. "ఒకటి, రెండు, మూడు..." పది వచ్చేదాకా మామ్మగారు కదలకుండా నన్నే చూస్తూ కూర్చుంది. కోడలు ఆ పుండు చూడటం అదే మొదటిసారి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రి అన్నానో లేదో ఆవిడ మొహం మళ్ళీ మూసుకుపోయింది. ఆసుపత్రికి వెళితే కోస్తారు, తాను రానంది. టీచరమ్మ మిగిలిన మాట మెల్లగా చెప్పింది. "ఈ ఒళ్ళు నాకు అమ్మానాన్నలు ఇచ్చింది. వెళ్ళినప్పుడు పూర్తిగా వాళ్ళకి అప్పగించాలి. వేలు లేకుండా వాళ్ళకి ఎదురుపడటం కన్నా ఈ పుండుతో పోవడమే నయం అంటోంది."

మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారు. డెబ్భై ఏళ్ళ మానుతో బేరం పెట్టుకున్నాను. నేనే రోజూ డ్యూటీ దిగి వచ్చి కట్టుకడతాను. మా డాక్టరు గారు ఇంటికి వచ్చి చూస్తారు, కత్తి తేరు. మందులు వేళకి వేసుకోవాలి. పుండు మానేదాకా కుడికాలు పీట మీద, ఎడమకాలు మాత్రమే బాల్చీలో, అదీ గోరువెచ్చని నీళ్ళల్లో. మా ఇళ్ళల్లో పసిపిల్లకి నీళ్ళు పోసేముందు మోచెయ్యి ముంచి చూసినట్టు, ముందు కోడలు మోచెయ్యి ముంచాలి. అన్నీ విని మామ్మగారు తన షరతు చెప్పింది. ఊరికే చేయించుకోదు. నేను కట్టుకట్టాక నా పాదాలు ఆ బాల్చీలో పెట్టి కూర్చోవాలి, వాళ్ళింట్లో ఒక గిన్నెడు సూపు తాగి వెళ్ళాలి. లేదంటే రావద్దు. నా జన్మలో ఇంత సులువైన షరతుకి ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మా వార్డు డాక్టరు గారు విజయవాడ మనిషి. వచ్చి చూసి, రక్తపరీక్షకి పంపి, మందులు రాసి, బయటికి వచ్చాక నాతో అన్నారు: "ఎముక ఇంకా బాగానే ఉంది సిస్టర్. రెండు వారాలు చూద్దాం. అప్పటికి పూడటం మొదలుకాకపోతే వేలు తీసెయ్యాల్సిందే. ఆలస్యం చేస్తే పాదం పోతుంది. ఇంటి దగ్గర కుదిరే పని కాదేమో, ఆలోచించుకోండి."

ఆలోచించుకోవడానికి నాకు తీరిక ఎక్కడిది? ఆవిడ అడుగు వేస్తే బరువు పుండు మీద పడకూడదు. మందపాటి హవాయి చెప్పు కొని, సరిగ్గా పుండు వచ్చే చోట బ్లేడుతో గుంట తవ్వాను. పుండు గాల్లో తేలేలా తయారుచేశాను. ఫోన్లతో ఫోటోలు తీసుకునే రోజులు కావవి. వారానికోసారి పుండు మీద శుభ్రమైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పెట్టి, అంచు వెంట పెన్నుతో గీత గీసి, ఆ బొమ్మ డాక్టరు గారి బల్ల మీద పెట్టేదాన్ని. మొదటి బొమ్మ చిన్న రేగుపండంత ఉంది. వారం తిరిగేసరికి రెండోది కాస్త తగ్గింది. నేను ఆసుపత్రి వరండాలో ఈల వేసుకుంటూ నడిచాను. అక్కకి కూడా చూపించాను. కాగితం వెలుతురుకి ఎత్తి చూసి, "ఊఁ" అంది. అక్క ఊఁ అంటే పెద్ద మెప్పు కింద లెక్క.

పదకొండో రోజున కట్టు విప్పితే తడిగా ఉంది. పక్కన కొత్త బొబ్బ. అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది. ముందురోజు కోడలు ఊళ్ళోకి వెళ్ళిందట. మామ్మగారు తనే నీళ్ళు కాచుకుని, రెండు కాళ్ళూ పెట్టుకుంది. ప్లాస్టిక్ కాగితం పెట్టి గీశాను. గీత మొదటి బొమ్మని దాటిపోయింది. డాక్టరు గారి గడువు ఇంకా మూడు రోజులే ఉంది.

నా నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "ముసలితనం వచ్చింది గానీ బుద్ధి వచ్చిందా మీకు? నేను బస్సుల్లో పడి వచ్చి కడుతుంటే మీరు ఉడకబెట్టుకుంటారా? ఎవరికోసం చేత్తన్నాననుకుంటున్నారు?" అని అచ్చ గోదావరి యాసలో అరిచాను. ఆవిడ కూడా తగ్గలేదు, తన భాషలో అంతకంటే పెద్దగా అరిచింది. ఆ రోజు తోడు వచ్చిన టీచరమ్మ మధ్యలో చేతులెత్తేసింది. అరిచి అరిచి నాకు ఏడుపొచ్చింది. వార్డులో ఏ రోగి ముందూ ఏడవనిదాన్ని, ఆ పాదం ఒళ్ళో పెట్టుకుని ఏడ్చాను.

అప్పుడు టీచరమ్మతో చెప్పించాను. థియేటర్లో నేను మోసిన కాళ్ళ సంగతి. గుడ్డలో చుట్టినా వెచ్చగానే ఉండేవని. ఎంత బరువుండేవో, చేతులు ఎలా లాగేవో, రాత్రి అన్నం ఎలా సహించేది కాదో. "నేను మిమ్మల్ని మొయ్యడానికి వచ్చానని ఆ రోజు తిట్టారు. నిజమే మామ్మగారూ, నేను మోసిన కాళ్ళు లెక్కలేనన్ని. మీ కాలు మాత్రం నేను మొయ్యను. నా వల్ల కాదు."

మామ్మగారు చెప్పు వేసుకుని లేచింది. లోపలికి వెళ్ళి, ఆ చెక్క బాల్చీని రెండు చేతులతో ఎత్తుకొచ్చి నా ముందు పెట్టింది. ఒక్క మాట అంది. టీచరమ్మ దాన్ని నాకు ఇంగ్లీషులో చెప్పింది. "తీసుకుపో. వేళ్ళు నిలబడ్డాక తిరిగివ్వు."

ఆ బాల్చీ పట్టుకుని సాల్మియా బస్సులో నిలబడి ఇంటికి వచ్చాను. జనం నన్నూ బాల్చీనీ వింతగా చూశారు. నాకు మాత్రం ఆ రోజే సగం గెలిచేసినట్టు అనిపించింది.

డాక్టరు గారిని ఇంకో వారం అడిగాను. నా మొహం చూసి ఒప్పుకున్నారు. ఆ వారం మా సంఘమంతా ఆ వేలి కోసం ప్రార్థన చేసింది. వఫ్రాలో మేం కట్టుకట్టిన ఒక గొర్రెల కాపరి కూడా, విషయం విని, ఉపవాసం ఉన్నానని కబురు పంపాడు. నాకు సెలవు దొరకని రోజున అక్క వెళ్ళింది. ఏ చీర కట్టుకుని వెళ్ళిందో నేను అడగలేదు. టీచరమ్మే చెప్పింది, కుంకుమరంగు నూలుచీరట, కొత్తదట.

నాలుగో బొమ్మ రేగుపండు నుంచి బఠాణీ గింజంత అయింది. ఐదోది మిరియపు గింజంత. డాక్టరు గారు బొమ్మలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించి చూశారు. "సిస్టర్, ఇవి నేను ఉంచుకుంటాను. కొత్తగా వచ్చే డాక్టర్లకి చూపించాలి," అన్నారు. రెండు నెలలు నిండకుండానే ఒక సాయంత్రం కట్టు విప్పితే లేత గులాబీ చర్మం, గట్టిగా, పొడిగా. ప్లాస్టిక్ కాగితం పెట్టాను గానీ గియ్యడానికి అంచు దొరకలేదు. ఖాళీ కాగితమే డాక్టరు గారికి ఇచ్చాను. ఆ రోజు నేను నడిచిన నడక చూసి వార్డులో మలయాళీ సిస్టర్లు నాకు జీతం పెరిగిందనుకున్నారు.

బాల్చీ తిరిగి తీసుకెళ్ళాను. కోడలు నీళ్ళు పోసింది. మామ్మగారు చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి ముంచి, కాసేపు ఆగి, 'ఇంకా చల్లనీళ్ళు' అని సైగ చేసింది. నేను పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తర్వాతి శుక్రవారం మా ఆరాధన ముగిసి తలుపు తెరిచేసరికి గుమ్మంలో మామ్మగారు. తన కాళ్ళ మీద తాను నిలబడి ఉంది, గుంట తవ్విన హవాయి చెప్పులతో. ఆవిడ వెనక పదిమందికి పైగా ముసలమ్మలు, మెడలో ముత్యాలు, చేతుల్లో పళ్ళ సంచులు, రొట్టెల డబ్బాలు. ఎవరూ ఉత్తచేతులతో రాలేదు. మామ్మగారు హాల్లోకి వచ్చి, బెంచీల మీద వాళ్ళని వరసగా కూర్చోబెట్టి, గట్టిగా ఏదో ఆజ్ఞాపించింది. ఆ గొప్పింటి ఆడవాళ్ళంతా ఒక్కసారిగా మేజోళ్ళు విప్పారు. ఉచితమని కాగితం పెడితే ఇద్దరే వచ్చిన హాలు అది. మా తెలుగు నర్సులు బేసిన్లు పట్టుకుని పరుగులు పెట్టారు. వాళ్ళు తెచ్చిన పళ్ళు మా సంఘంలో ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళ చేతుల్లోకి, మా పులిహోర వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. ఆ రోజు ముగ్గురి పాదాల్లో స్పర్శ పోయిందని కనిపెట్టాం, పుండు పడకముందే. అప్పటినుంచి నేను కువైట్ విడిచిపెట్టేదాకా నెలకో శుక్రవారం, వాళ్ళ వంతుకీ మా వంతుకీ మధ్య గంట పాదాల గంటగా నిలిచిపోయింది.

సంవత్సరాంతపు కూటంలో మా పాస్టరు అయ్యగారు పరిచర్యల నివేదిక అడిగారు. "చైనా సహవాసం మధ్య ఎంతమంది రక్షించబడ్డారమ్మా?" అన్నారు. ఆ సంగతి లెక్కపెట్టాల్సింది నేను కాదని నా నమ్మకం. "నాకు తెలిసి పది అయ్యగారూ. కాలివేళ్ళు," అన్నాను. హాలంతా నవ్వింది. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా నవ్వింది అక్క. మామ్మగారు బాప్తిస్మం తీసుకుందా అని ఇప్పటికీ అడుగుతారు. తీసుకోలేదు. వాళ్ళ సహవాసంలో చివరి వరసలో ప్రతివారం కూర్చునేది. మేం తెల్లచీరల్లో బయటికి వస్తుంటే మాత్రం ముక్కు చిట్లించడం మానలేదు.

ఇంకో రెండేళ్ళకి ఆవిడ ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, రద్దు చేయించుకుని తన ఊరికి వెళ్ళిపోయింది. ప్రయాణం ముందు మా గదికి వచ్చింది, టీచరమ్మని వెంటబెట్టుకుని. చెక్క బాల్చీ నాకిచ్చింది, ఈసారి తిరిగివ్వక్కర్లేదంది. నా మంచం మీద కూర్చుని మేజోళ్ళు తీసి, పాదాలు నా ఒళ్ళో పెట్టింది. నేను అలవాటు చొప్పున మొదలుపెట్టబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. తనే వేలు చాపి, ఒక్కొక్కదాన్నీ తాకుతూ, ఇన్నాళ్ళూ నా నోట విన్న తెలుగులో లెక్కపెట్టింది. "ఒకటి. రెండు. మూడు." ఎక్కడా తడబడలేదు. "పది" అన్నాక తలెత్తి తన భాషలో ఒక మాట చెప్పింది.

టీచరమ్మ చెప్పింది: "మా అమ్మానాన్నలకి చెబుతాను. నువ్వే కాపలా కాశావని."